ఎడమ చెవి కింది చెలిమె

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో మా బాపు దాని గేటు దగ్గర కాంటా మీద పనిచేసేవాడు. చెరుకు బండ్లను తూచే కాంటా అది. బండి నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, చెరుకు దింపాక ఖాళీగా ఒకసారి దాని మీదికి ఎక్కాలి. రెండింటికీ ఎంత తేడా ఉంటే అంత చెరుకు వచ్చినట్టు. వినడానికి ఇంత సులువైన పనిలో మనుషులు ఎన్ని వేషాలు వేస్తారో నేను ఆరో తరగతికి రాకముందే చూశాను. సెలవుల్లో అవ్వ సద్ది గిన్నె ఇచ్చి పంపితే, బాపు తినేదాకా కాంటా పక్కన అరుగు మీద కూర్చునేదాన్ని. మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం.

కొందరు చెరుకు కట్టల నడుమ తడి మట్టి కుక్కి తెచ్చేవాళ్ళు. కొందరు నిండు బండి తూచేటప్పుడు ఇద్దరు మనుషుల్ని గడల వెనక దాచి, ఖాళీ బండి తూచేసరికి మాయం చేసేవాళ్ళు. బాపు ఎవరితోనూ గొడవ పడేవాడు కాదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాలు చూసి, ఎద్దుల మొహాలు చూసి "దిగుండ్రి" అనేవాడు. ఎవరిని అంటున్నాడో తెలియనట్టు ముందు అందరూ నవ్వేవాళ్ళు. కాసేపటికి చెరుకు వెనక నుంచి ఇద్దరు దిగి, చొక్కాలు దులుపుకుంటూ పోయేవాళ్ళు. ఒక యేడు అవ్వ సొంత తమ్ముడి బండినే వెనక్కి పంపాడు. ఆ దసరాకు మా మేనమామ చేతిలో జమ్మి ఆకు పెట్టడానికి మా గడప తొక్కలేదు.

అలాంటి మనిషి తన నడుముకు ఇనుప తూకం రాళ్ళు కట్టుకుని బరువు మిషన్ ఎక్కుతాడని నేనెలా అనుకుంటాను? అనుకోవలసింది. ఆ అనుకోకపోవడం గురించే ఇదంతా రాస్తున్నాను.

నేను నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రిలో రేడియేషన్ మిషన్ నడుపుతాను. మా వైపు జనం దాన్ని 'కరెంటు పెట్టుడు' అంటారు. పదిహేనేళ్ళుగా నేను కరెంటు పెడుతున్నాను. జబ్బు ఎక్కడుందో డాక్టర్ స్కాన్ మీద గీత గీస్తుంది, కిరణాలు ఏ వైపు నుంచి ఎంత పోవాలో ఫిజిసిస్టు లెక్క కడతాడు. మనిషిని బల్ల మీద సరిగ్గా పడుకోబెట్టడం, రోజూ ఒక స్కాన్ తీసి మొదటి రోజు స్కాన్‌తో కలిపి చూడడం, రెండూ సరిపోతే బటన్ నొక్కడం నా పని. చెయ్యి తిరిగిన పని. చెయ్యి తిరిగిందన్న పొగరు కూడా నాకు బాగానే ఉండేది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక బాపు బోధన్ బజారులో తరాజు పెట్టుకుని బెల్లం అమ్మడానికి కూర్చున్నాడు. చుట్టుపక్కల బెల్లం వండే బట్టీల నుంచి ముద్దలు వచ్చేవి. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే బేరగాళ్ళతో మరాఠీలో, మనవాళ్ళతో తెలుగులో, కోపమొస్తే రెండిట్లోనూ మాట్లాడేవాడు. ఏ ముద్ద వచ్చినా గోటితో చిన్న పలుకు గిల్లి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. నమిలేవాడు కాదు. కరిగేదాకా ఆగేవాడు. "ఇది లేత చెరుకు", "ఇది పాకం మాడింది" అని చెప్పేవాడు. చౌడు నేల చెరుకైతే తీపి అంతా అయిపోయాక నాలుక కొసన ఉప్పు మిగులుతుందట. ఆ ఉప్పు బజారులో ఇంకెవరికీ దొరికేది కాదు. బేరగాళ్ళు ముద్ద తెచ్చి ముందు మా బాపు మొహమే చూసేవాళ్ళు.

ఆ మొహంలోనే తేడా వచ్చింది. మింగుడు పడడం లేదన్నాడు. చెవిలో నొప్పి అన్నాడు. జొన్న రొట్టె తునక గొంతు దగ్గర ఆగిపోతోందని అవ్వ చెప్పింది. నేనే పట్టుబట్టి తీసుకొచ్చి చూపించాను. నాలుక వెనక కుడివైపు గడ్డ. పరీక్షలయ్యాయి, పేరు తేలింది. ఆ పేరు రోజుకు పది సార్లు వినే నేను ఆ రోజు రిపోర్టును రెండుసార్లు చదివాను.

డాక్టర్ మేడం మంచి మనిషి. తొందరపడదు. స్కాన్ బొమ్మలు తెర మీద పెట్టి, బాపును పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని మరీ చూపించింది. తలను బ్రెడ్డు ముక్కల్లా అడ్డంగా కోసినట్టు వరసగా వస్తాయి ఆ బొమ్మలు. ఒక్కో ముక్క మీద జబ్బు చుట్టూ ఎర్ర గీత గీసింది. తర్వాత చెవుల కింద, దవడ వెనక, రెండు వైపులా ఉన్న బూడిదరంగు గ్రంథులను చూపించింది. నోట్లో ఉమ్మి ఊరేది చాలావరకు వీటిలోంచే అని చెప్పింది. కుడివైపుది జబ్బుకు ఆనుకుని ఉంది కాబట్టి దాన్ని కాపాడలేమంది. ఎడమదాని చుట్టూ మాత్రం ఆకుపచ్చ గీత గీసి, కిరణాలు దీని పక్క నుంచి వంగి పోయేట్టు ప్లాన్ చేస్తామంది.

బాపు నా వైపు చూశాడు. నేను మా మాటల్లో చెప్పాను.

"చెవి కింద చెలిమె ఉంటది బాపు. మంజీర ఇసుకల తవ్వితే ఊరుతది సూడు, గట్ల. కుడి దిక్కుది పోతది. ఎడమ దిక్కుది మేం కాపాడుతం."

చెలిమె అనగానే ఆయనకు అర్థమైపోయింది. చిన్నప్పుడు కందకుర్తి జాతరకు పోయినప్పుడు ఇసుకలో చేత్తో చెలిమె తోడి నాకు నీళ్ళు తాపింది ఆయనే. మేడంను ఒక్క మాటే అడిగాడు.

"బెల్లం రుచి తెలుస్తదా అమ్మా?"

"ఎడమది నిలబడితే తెలుస్తుంది. కొన్ని నెలలు పడుతుంది" అంది మేడం.

బతుకుతానా అని అడగలేదు. బెల్లం గురించి అడిగాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మన తరాజు మళ్ళీ పెడదాంలే అన్నాను.

తల కదలకుండా ఉండడానికి మొహానికి ఒక మాస్కు చేస్తారు. వల లాంటి తెల్లటి ప్లాస్టిక్ జాలి. వేడి నీళ్ళలో మెత్తబడ్డాక మొహం మీద పరిచి ఒత్తితే, ఆరేసరికి అచ్చు ఆ మనిషి మొహంలాగే గట్టిపడుతుంది. దాన్ని బల్లకు బిగిస్తారు. "నన్ను సేపను జేసిండ్రా బిడ్డా" అన్నాడు బాపు జాలి లోపలి నుంచి. ఆ మాస్కుతోనే స్కాన్ తీశారు. ఆ స్కాన్ మీదే గీతలు గీశారు. అంటే ఆ రోజు బాపు బుగ్గ ఎంతుందో, చెలిమె ఎక్కడుందో, ఆ కొలతే ఆఖరిదాకా కొలత. మనిషి చిక్కిపోతే ఆ కొలత పనికిరాదు. బుగ్గ లోపలికి పోతుంది, మాస్కు వదులవుతుంది, గ్రంథి కుంచించుకుపోయి లోపలికి, కిరణాల దారిలోకి జరుగుతుంది. అప్పుడు మళ్ళీ స్కాన్ తీసి కొత్త గీతలు గీయాలి. రెండు మూడు రోజుల పని. అందుకే వారానికోసారి, సోమవారం, బరువు చూస్తాం.

నా తోటి టెక్నీషియన్ ఒక మాటన్నాడు. "అక్కా, మీ బాపును నేను చూసుకుంటలే. ఇంటి మనిషికి మనం చేస్తే చేతులు వణుకుతయి."

"నా చేతులు వణకవు" అన్నాను. నిజంగానే వణకలేదు. వణికినా బాగుండేది.

మొదటి సోమవారం బరువు చూస్తే అరవై రెండు కిలోలు. బయట బెంచీ మీద అవ్వ టిఫిను డబ్బా తెరిచి పెడితే, బాపు వద్దని తల ఊపుతున్నాడు. అప్పుడే నాకు తిక్కరేగింది. నా కోపం ఎలా ఉంటుందంటే, వచ్చేముందు చెప్పదు, పోయేముందు క్షమాపణ అడగదు. పక్కన పదిమంది పేషెంట్లు కూర్చుని ఉండగా అరిచాను.

"తినకపోతే బరువు తగ్గుతవు. బరువు తగ్గినవనుకో, మొత్తం బంద్ జేసి మళ్ళ మొదటికెల్లి జెయ్యాలె. చేసిందంత గంగల కలుస్తది."

"ఎవలు బంద్ జేస్తరు బిడ్డా?" అన్నాడు బాపు మెల్లగా.

"ఎవలో ఎందుకు? నేనే జేస్త."

అది అబద్ధం. ఎవరూ బంద్ చేయరు. మళ్ళీ స్కాన్ తీస్తాం, అంతే. కానీ తినని వాళ్ళను భయపెట్టడానికి మేమందరం ఆ మాటే వాడేవాళ్ళం. పిల్లలకు బూచోడి మాట చెప్పినట్టు. పెద్దవాళ్ళు ఆ మాటను నమ్ముతారనీ, నమ్మినవాళ్ళు ఏదో ఒకటి చేస్తారనీ ఆలోచించలేదు. ఆ రోజు బాపు టిఫిను డబ్బాలోంచి ఉప్మా రెండు ముద్దలు తిన్నాడు. నా మాట పనిచేసిందని సంబరపడి లోపలికి పోయాను.

వాళ్ళిద్దరూ టౌన్‌లో మా ఇంట్లోనే ఉండేవాళ్ళు. నేను పొద్దున్నే డ్యూటీకి పోయేదాన్ని. పదకొండింటికి అవ్వ బాపును ఆటోలో తీసుకొచ్చేది. ముప్పై మూడు సిట్టింగులు, ఆరున్నర వారాలు. మూడో వారానికి ఆయన నోరంతా పుండ్లు లేచాయి. మాట తగ్గింది. జొన్న గటక పలచగా జావ చేసి, మజ్జిగ పోసి, అవ్వ చెంచాతో పట్టేది. ఒక్కో గుటకకు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అయినా ప్రతి సోమవారం బరువు నిలబడే ఉండేది. అరవై రెండు, అరవై ఒకటిన్నర, అరవై ఒకటి.

"మీ బాపు ఉక్కు మనిషి అక్కా" అనేది బరువు చూసే నర్సు.

"కాంటా మీద పెరిగిన మనిషి" అనేదాన్ని నేను. గర్వంగా అనేదాన్ని.

నాకు కనబడలేదా? కనబడింది. ఇదే నన్ను కాల్చుకు తినే మాట. బాపు చేతి గడియారం మోచేతి దాకా జారుతుంటే, "గాజులోలె ఏసుకున్నవేంది బాపు" అని నవ్వింది నేనే. రోజూ తీసే స్కాన్‌లో మాస్కుకూ బుగ్గకూ మధ్య ఒక నల్లటి సందు మొదలైంది. గాలి నల్లగా కనబడుతుంది. మొదట దారమంత. తర్వాత పెన్సిల్ గీతంత. ఎడమవైపు ఎక్కువ. కానీ మేం కలిపి చూసేది ఎముకలను. దవడ ఎముక మీద దవడ ఎముక, మెడ పూసల మీద మెడ పూసలు చక్కగా కూర్చుంటున్నాయి. ఎముకలు చిక్కిపోవు కదా. అన్నీ సరిపోయాయి అనుకుని బటన్ నొక్కేదాన్ని. బల్ల దగ్గర "టైట్‌గా ఉన్నదా బాపు?" అని అడిగితే, జాలి లోపలి నుంచి మాట రాక బొటనవేలు పైకెత్తి చూపించేవాడు. ప్రతి రోజూ ఎత్తాడు.

నాలుగో వారం బుధవారం. ఆ రోజు నాకు మరకలా గుర్తుంది. ఫిజిసిస్టు సార్ నా వెనక నిలబడి తెర మీద బాపు స్కాన్ చూస్తున్నాడు. ఆయన వేలితో ఆ నల్లటి సందును చూపిస్తూ అన్నాడు.

"ఇక్కడ గ్యాప్ వస్తున్నట్టుందమ్మా. ఒకసారి రీస్కాన్ చేద్దామా?"

బయట ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. మధ్యాహ్నం కరెంటు పోతుందని చెప్పారు, జనరేటర్ మీద మిషన్ నడపాలంటే నాకు చిరాకు. తల కూడా తిప్పలేదు.

"బరువు బానే ఉంది సార్. కిలోనే తగ్గింది."

ఆయన తెర మీది నుంచి వేలు తీశాడు. ఆమె కన్నతండ్రి, ఆమెకన్నా మనకెక్కువ తెలుసా అనుకుని ఉంటాడు. "అయితే సరే" అని వెళ్ళిపోయాడు. నేను బటన్ నొక్కాను.

ఆరో వారం సోమవారం అవ్వకు జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంది. బాపును నేనే స్కూటీ మీద తీసుకుపోయాను. చేతిలో ఒక గుడ్డ సంచీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రికి రాగానే బాత్రూంలోకి పోయి చాలాసేపటికి వచ్చాడు. నర్సు బరువు చూసింది. అరవై ఒకటి. మామూలుగా అయితే అక్కడి నుంచి ఆయన అవ్వ దగ్గరికి పోయి, కాసేపాగి లోపలికి వచ్చేవాడు. ఆ రోజు నేను చెయ్యి పట్టుకుని నేరుగా మిషన్ గదిలోకి నడిపించాను. ఆయన నా చేతిని వెనక్కి లాగాడు. బాత్రూం వైపు వేలు చూపించాడు.

"గిప్పుడే పోయొచ్చినవు గద బాపు. అయినంక పో. అవతల మంది ఆగిండ్రు" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. బల్ల మీద కూర్చున్నాడు. పడుకున్నాడు. ఠంగుమని చప్పుడైంది.

బల్ల విరిగిందేమో అనుకున్నాను ముందు. చొక్కా పైకెత్తాను. అవ్వ పాత ఆకుపచ్చ చీర అంచుతో కుట్టిన పట్టీ ఆయన నడుముకు చుట్టి ఉంది. దానికి చిన్న చిన్న జేబులు. జేబుల్లో తూకం రాళ్ళు. రెండు కిలోల రాయి ఒకటి, కిలోవి రెండు, అరకిలోది ఒకటి. బోధన్ బజారులో బెల్లం తూచిన రాళ్ళు. చుట్టూ చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా కమిలింది. పొట్ట లోపలికి పోయి పక్కటెముకలు లెక్కపెట్టేట్టు ఉన్నాయి. చొక్కా కింద మా బాపు ఇంత చిక్కిపోయాడని ఆ క్షణం దాకా నాకు తెలియదు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. గడల వెనక దొరికిన మనుషులు చొక్కాలు దులుపుకుని పోయేవాళ్ళు. ఈయనకు పోవడానికి చోటు లేదు. నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. పుండ్లు పడ్డ నోటితో ఒక్కో మాటా కూడదీసుకుని అన్నాడు.

"నువ్వే... బంద్ జేస్త... అన్నవు గద బిడ్డా."

ఆ రోజు సిట్టింగు పెట్టలేదు. మేడం వచ్చింది. వెంటనే కొత్త స్కాన్ తీశాం. పాత బొమ్మ మీద కొత్త బొమ్మ పెట్టి, మొదటి రోజు గీసిన గీతల్ని దాని మీదికి తెచ్చింది. మేడం మౌస్ తిప్పుతుంటే నేను వెనక నిలబడ్డాను. ఎడమ గ్రంథి సగానికి తగ్గింది. ఒక వడ్లగింజ పొడుగంత లోపలికి జరిగింది. ఆకుపచ్చ గీత మాత్రం గీసిన చోటే ఉంది. దాని లోపల సగం చర్మం, సగం గాలి. ఇన్నాళ్ళూ మేం ఆ గీతను కాపాడుతూ వచ్చాం. చెలిమె అందులోంచి వెళ్ళిపోయి ఎన్ని రోజులైందో.

ఎన్ని రోజులైందో కూడా తేలింది. రోజువారీ స్కాన్‌లు అన్నీ దాచి ఉంటాయి. మేడం వాటిని ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. ఐదో వారం. నాలుగో వారం. ఆ బుధవారం బొమ్మ తెర మీదికి రాగానే నేను గోడకు ఆనుకున్నాను. గ్రంథి అప్పటికే కదలడం మొదలుపెట్టింది. ఎముకల మీద నుంచి చూపు ఒక్క వేలంత పక్కకు తిప్పి ఉంటే కనబడేది. పక్కనే నిలబడ్డ ఫిజిసిస్టు సార్ నా వైపు చూడలేదు. అది ఆయన మంచితనం.

"అప్పుడే మార్చి ఉంటే మొత్తం నిలబడేదని నేను చెప్పలేను. ఒక్కో శరీరం ఒక్కోలా ఉంటుంది" అంది మేడం. నిజమే చెప్పింది. కానీ ఆ నిజం నాకు ఓదార్పు కాలేదు. మిగిలిన ఎనిమిది సిట్టింగులకు కొత్త మాస్కు, కొత్త గీతలు, కొత్త ప్లాన్. ఆ ఎనిమిదీ నేను పెట్టలేదు. నా తోటివాడు పెట్టాడు. నా చేతులు అప్పుడు వణికాయి.

సాయంత్రం ఇంటికి పోయి, జ్వరంలో పడుకున్న అవ్వ మీద విరుచుకుపడ్డాను. ఇంత చదువుకున్నదాన్ని ఇంట్లో ఉన్నాను, నన్నొక మాట అడగకుండా పట్టీ ఎట్ల కుట్టిచ్చినవని అరిచాను.

అవ్వ దుప్పటి తీసి లేచి కూర్చుంది. "మీ బాపు బతకాల్నని కుట్టిన. నువ్వు బంద్ జేస్త అంటివి. నువ్వు అన్నవంటే చేసేదానివే గద" అంది. దుప్పటి మడత పెడుతూ, "అడుగుదామనే అనుకున్న రెండు మూడుసార్లు. నీ మొకం జూస్తే అడగబుద్ధి గాలే" అంది.

నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. ఇరవై ఆరేళ్ళు కాంటా మీద ఎవరికీ భయపడని మనిషి కూతురి మొహానికి భయపడ్డాడు. ఆయన నాకు తెలియకుండా చేసింది మోసం కాదు, నా మాట వినడం. నేను చెప్పిన నియమంలో బరువొక్కటే ఉంది. ఆయన ఆ బరువును నాకు చూపించాడు. కొన్నాళ్ళకు మాట కొంచెం కూడిన తర్వాత బాపు ఇంకో సంగతి కూడా చెప్పాడు. "నా బరువు తగ్గితే, నీ తండ్రినే నువ్వు సూసుకోలేదని నీకు మాటొస్తదనుకున్న" అన్నాడు.

జబ్బు పోయింది. మూడు నెలల తర్వాత తీసిన స్కాన్‌లో ఎక్కడా లేదు. మేడం చేతులు పట్టుకుని అవ్వ దండం పెట్టింది. అందరూ సంతోషపడ్డారు, నేనూ పడ్డాను, అది అబద్ధం కాదు. మా బాపు ఉన్నాడు. పొద్దున లేచి తువ్వాల భుజాన వేసుకుని బజారుకు పోతున్నాడు. కానీ నోట్లో ఊట రాలేదు. ఆర్నెల్లు చూశాం, యేడాది చూశాం. ఇప్పటికి యేడాదిన్నర. రొట్టె తినాలంటే చారులో నానబెట్టాలి. మాట్లాడాలంటే రెండు మాటలకోసారి నీళ్ళు గుక్కెడు తాగాలి. మరాఠీ బేరగాళ్ళతో ఆయన పొడుగాటి వాదనలు ఇప్పుడు లేవు. ఒక నీళ్ళ సీసా తరాజు పక్కన ఎప్పుడూ ఉంటుంది.

ఆసుపత్రిలో ఇప్పుడు నేను ఎవరితోనూ 'బంద్' అన్న మాట అనను. మాస్కు వదులైతే చెప్పండి, మళ్ళీ కొలత తీసుకుంటాం, ఎవరూ ఏమీ అనరు అని మొదటి రోజే చెప్తాను. ఎముకలు సరిపోయాక కూడా గ్రంథి దగ్గర ఆగి చూస్తాను. నల్లటి సందు దారమంత ఉండగానే మేడంను పిలుస్తాను. పిలిచినప్పుడల్లా ఆమె వస్తుంది, ఒక్కోసారి అవసరం లేదంటుంది, ఒక్కోసారి కొత్త స్కాన్ రాస్తుంది. ఇలా కొందరి చెలిమెలు నిలబడ్డాయి. వాళ్ళు వచ్చి, అక్కా నోట్లో తడి ఆడుతుంది అని చెప్పినప్పుడు సంతోషంగానే ఉంటుంది. ఆ సంతోషం వెనకే బాపు నీళ్ళ సీసా కనబడుతుంది.

మొన్న ఆదివారం బోధన్ పోయాను. బాపు బజారులో ఉన్నాడని అవ్వ చెబితే అక్కడికే పోయాను. ఎవరో కొత్త బట్టీవాడు బెల్లం ముద్ద తెచ్చి ముందు పెట్టాడు. ఎప్పటిలాగే బాపు మొహం చూస్తున్నాడు. తరాజు పక్కన ఆ రాళ్ళే ఉన్నాయి. రెండు కిలోలది ఒకటి, కిలోవి రెండు, అరకిలోది. నేను వాటివైపు చూడకుండా పీట మీద కూర్చున్నాను.

బాపు గోటితో పలుకు గిల్లి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆగాడు. బట్టీవాడూ ఆగాడు. చాలాసేపైంది. బాపు కళ్ళు తెరిచి, నోట్లోంచి పలుకును వేళ్ళతో తీసి చూశాడు. పెట్టుకున్నప్పుడు ఎంతుందో అంతే ఉంది. అంచులు కూడా అరగలేదు. నీళ్ళు తాగి నాలుక మీద మళ్ళీ పెడతాడేమో అనుకున్నాను. పెట్టలేదు. నీళ్ళతో కరిగితే నీళ్ళ రుచే తెలుస్తుందని ఎప్పుడో చెప్పాడు నాతో.

ఆ పలుకును పక్కన పెట్టి, ముద్దలోంచి ఇంకోటి గిల్లి నా అరచేతిలో పెట్టాడు.

"నువ్వు సూడు బిడ్డా."

నోట్లో వేసుకున్నాను. వేసుకున్న క్షణంలోనే కరగడం మొదలైంది. నా నోట్లో ఊట పొంగుతుంటే నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో గబగబా మింగేశాను. బట్టీవాడు నా వైపే చూస్తున్నాడు.

"బాగుంది బాపు" అన్నాను.

బాపు నీళ్ళు గుక్కెడు తాగాడు. సీసా మూత పెట్టాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, కాంటా దగ్గర బండి చుట్టూ తిరిగేటప్పుడు ఉండే ఆ నెమ్మదే ఉంది మొహంలో.

"మంచిగ సూసినవా?"

చూడలేదు. నోట్లో ఇప్పుడేం లేదు. ఏముండిందో చెప్పమంటే చెప్పలేను. తీపిగా ఉందని కూడా బెల్లం కాబట్టి అన్నాను. చెయ్యి చాపాను. బాపు ఇంకో పలుకు గిల్లి పెట్టాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాను. నమలలేదు. బజారు చప్పుడంతా పోయేదాకా ఆగాను. తీపి వచ్చింది, నిండింది, మెల్లగా తగ్గింది. అంతా అయిపోయాక నాలుక కొసన సన్నగా ఏదో మిగిలింది.

"కొసకు ఉప్పు తగుల్తుంది బాపు."

"చౌడు నేల" అన్నాడు బాపు. ముద్దను బట్టీవాడి వైపు జరిపాడు.

నాలుగో వారం బుధవారం నాడు నేను చెయ్యవలసిందల్లా ఇంతే.